పచ్చి బొప్పాయి ఎంజైమ్ మొహానికి ఏం చేస్తుంది?

నమస్కారమండీ. మటన్ ముక్క త్వరగా మెత్తబడాలని పచ్చి బొప్పాయి నూరి పట్టించడం తెలుసు కదా, హైదరాబాద్‌లో పత్తర్ కా గోష్ట్ చేసేవాళ్లకి అది మామూలే. అక్కడ పని చేసేది పపెయిన్ అనే ఎంజైమ్, ప్రొటీన్‌ని తెగ్గొట్టడమే దాని పని. ఇప్పుడు ఎంజైమ్ ఫేస్ వాష్ పౌడర్, ఎంజైమ్ మాస్క్ అని అమ్ముతున్నారే, చాలావాటిలో ఉండేది ఇదే, లేదంటే అనాస నుంచి తీసే బ్రోమెలైన్.

మన చర్మం పైపొర మొత్తం చచ్చిపోయిన కణాలే, వాటి నిండా కెరటిన్ అనే ప్రొటీన్, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది కూడా ప్రొటీన్లతోనే. వయసులో ఉన్నప్పుడు సుమారు నెలరోజుల్లో ఆ పాతవి రాలిపోయి కొత్తవి పైకొస్తాయి, వయసు పెరిగేకొద్దీ అది నెమ్మదిస్తుంది, అప్పుడు మొహం గరుగ్గా, కళ తప్పినట్టు అనిపిస్తుంది. ఎంజైమ్ ఆ పైపైన పట్టుని కాస్త వదులు చేస్తుంది, అంతే. గీరుకుపోవడం ఉండదు, చచ్చిన కణాల్ని తీయడానికే వాడే గ్లైకోలిక్ యాసిడ్ లాగా చుర్రుమనడం కూడా చాలామందికి తక్కువే. వాల్‌నట్ తొక్కల స్క్రబ్‌తో కసిగా రుద్దేవాళ్లని చూస్తే నాకైతే భయమే, మొహమేమన్నా మాడిన గిన్నెనా!

పౌడర్‌గా ఎందుకిస్తారంటే ఎంజైమ్‌కి నీళ్లు తగిలితేనే పని మొదలవుతుంది, తడిలో నిల్వ ఉంటే బలం తగ్గిపోతుంది. అందుకే అప్పటికప్పుడు తడి చేతిలో నురగ చేసుకుని, మెల్లగా పట్టించి, డబ్బా మీద రాసిన టైముకి కడిగేసుకోవాలి. వారానికి ఒకట్రెండు సార్లతో మొదలుపెట్టండి, అదే రాత్రి రెటినాల్ (ముడతలు తగ్గాలని రాసుకునే విటమిన్ ఎ రకం) మాత్రం వద్దు.

అయితే ఎలాగూ ఇదే కదా అని పెరట్లో పచ్చికాయ కోసి ఆ పాలు మొహానికి రాసుకోకండి బాబూ. అందులో ఎంత ఘాటుందో కొలత లేదు, మంట పుట్టి బొబ్బలు కూడా రావచ్చు. పోనీ మాగిన పండు గుజ్జు అంటే, అందులో పపెయిన్ బాగా తక్కువ.

ఇంకోటి, అలర్జీ. పుండ్ల మీద రాసే అనుమతి లేని పపెయిన్ మందుల్ని 2008లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఆపేయమంది, కొందరికి తీవ్రమైన రియాక్షన్లు రావడంతో. రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే దురద, దద్దుర్లు వచ్చేవాళ్లకి పపెయిన్ కూడా పడకపోవచ్చు, వాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. మిగతావాళ్లు ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూసి, ఎరుపు, దురద లేకపోతే అప్పుడు మొహానికి వాడుకోండి.