అడుగు చూడండి: ఫెలిక్స్‌టో పడవ విమానం కథ

అధ్యక్షులకు, సభకు నమస్కారం. ఇచ్చింది పది నిమిషాలు, పొగడ్తలు వద్దు. ఆహ్వానపత్రికలో నా అంశం ‘తొలినాటి పడవ విమానాల ఇంజన్లు’ అని వేశారు. పడవ విమానమంటే ఒళ్ళే పడవగా, నీటిమీద దిగి లేచేది. ఇంజన్ల దగ్గరికి వస్తాను, ముందు నా గోల వినండి. పాత విమానం ఫొటో కనబడితే మనవాళ్ళు రెక్కలు లెక్కపెడతారు, ఇంజన్ పేరు అడుగుతారు. నీటిని తాకే అడుగుభాగం మాత్రం ఎవరూ చూడరు!

1914లో అట్లాంటిక్ దాటడానికని అమెరికాలో గ్లెన్ కర్టిస్ ఒక పడవ విమానం కట్టాడు. పక్కన నిలబడ్డవాడు జాన్ పోర్ట్, క్షయ వల్ల బ్రిటిష్ నౌకాదళం నుంచి బయటికొచ్చిన అధికారి. ఇంతలో యుద్ధం వచ్చింది. పోర్ట్ వెనక్కి వెళ్ళి మళ్ళీ కొలువులో చేరి, కర్టిస్ పడవలు కొనిపించాడు. సరస్సులో తేలినవి ఉత్తర సముద్రపు అలలకు ఆగలేదు.

ఇంగ్లండ్ తీరంలోని ఫెలిక్స్‌టో నౌకాదళ విమాన స్థావరంలో పోర్ట్ ఏం చేశాడు? రెక్కలు ఉంచేసి, కింది పడవ భాగం మార్చేశాడు. కర్టిస్ హెచ్-4 రెక్కలకి కొత్త పడవ తగిలిస్తే ఎఫ్.1. హెచ్-12 రెక్కలకి ఇంకా పెద్దది తగిలిస్తే ఎఫ్.2. లోపల చెక్క చట్రం, అడ్డంగా ఐమూలగా బిగింపులు. కింద నీటిని చీల్చే ‘వి’ ఆకారపు అడుగు. ఆ అడుగులో మెట్లు, అంటే అడ్డంగా తెగి వెనకభాగం కాస్త పైకి లేచే చోట్లు.

మెట్టు ఎందుకంటారా? తడి గచ్చు మీద స్టీలు పళ్ళెం పెట్టి నిటారుగా లాగండి, రాదు. అంచు కాస్త ఎత్తి గాలి పోనివ్వండి, ఊడొస్తుంది. పరుగెత్తే పడవనూ నీరు అలాగే పట్టుకుంటుంది. మెట్టు దగ్గర నీరు తెగుతుంది, సందులోకి గాలి దూరుతుంది, పడవ ముందుభాగం మీద జారుతుంది. మెట్టు లేకపోతే ఎంత ఇంజన్ పెట్టినా నీళ్ళు దున్నడమే. అందుకే అంటున్నాను, అడుగు చూడండి.

సరే, ఇంజన్లు. ఎఫ్.2 తరవాతి రూపమైన ఎఫ్.2ఏకి రెండు రోల్స్‌రాయిస్ ఈగిల్‌ ఇంజన్లు, ఒక్కోటి 345 గుర్రాల శక్తి. రెక్కల విస్తారం 95 అడుగుల పైచిలుకు, నిండు బరువు దాదాపు 5 టన్నులు, నలుగురు సిబ్బంది. ఇంజన్ మంచిదే. దానికి పెట్రోలు చేర్చే గొట్టాలతోనే తంటా.

1918 జూన్ 4న నాలుగు ఎఫ్.2ఏలు, ఒక హెచ్-12 గస్తీకి వెళ్ళాయి. జర్మన్ విమానాలతో పోరు ఇంకా మొదలుకాకముందే ఒకదాని పెట్రోలు గొట్టం మొరాయించింది, నీటిమీద దిగక తప్పలేదు. ఎగరలేని ఆ యంత్రం పడవలాగే నీళ్ళమీద నడుచుకుంటూ డచ్ తీరం చేరింది. సిబ్బంది దానికి నిప్పుపెట్టి డచ్చివారి నిర్బంధంలోకి వెళ్ళారు. నీటిమీద దిగినవాటిని తోటివారు గుర్తుపట్టడానికని, ఆ తరవాత పడవల మీద కళ్ళు చెదిరే చారలు, గళ్ళు వేశారు.