బిగ్‌బ్యాంగ్ చెప్పిన ఫాదర్: సృష్టికర్త మీద నమ్మకం, విశ్వం మీద ఆశ్చర్యం (స్టూడియో చర్చ)

సమన్వయకర్త: నమస్కారం. సృష్టికర్తను నమ్మేవాళ్లకి సైన్స్ అంటే భయమని ఒక మాట ఉంది. ఫాదర్ గారూ, మీరేమంటారు?

ఫాదర్: భయమెందుకండీ? విశ్వానికి ఒక మొదలు ఉందని లెక్కలు వేసి చెప్పినాయనే ఒక చర్చి ఫాదర్. బెల్జియంకి చెందిన జార్జ్ లెమైత్ర్. 1923లో గురుపట్టాభిషేకం పొందారు, అంటే ఫాదర్ అయ్యారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో పేపర్ రాశారు. ఐన్‌స్టీన్ కూడా అప్పట్లో ఒప్పుకోలేదు. 1931లో ఇంకో అడుగు వేసి, ఇదంతా ఒకే ఒక్క ఆది అణువు నుంచి మొదలైందన్నారు. ఇవాళ మనం బిగ్‌బ్యాంగ్ అనేది ఈ ఆలోచననే.

మాస్టారు: లెక్క గొప్పదే. కానీ మొదలు ఉన్నంత మాత్రాన దేవుడున్నాడని రుజువైపోతుందా? 1951లో పోప్ 12వ పయస్ ఇంచుమించు రుజువైనట్టే మాట్లాడారు కదా.

ఫాదర్: ఆ ధోరణి లెమైత్ర్‌కి నచ్చలేదు మాస్టారూ. తన సిద్ధాంతానికీ మతానికీ ముడిపెట్టొద్దనేవారు. ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది అక్కడే. రేపు లెక్క మారితే దేవుణ్ణి కూడా మార్చుకుంటామా?

సమన్వయకర్త: మేడమ్, మీరు ఖగోళ పరిశోధనలో ఉన్నారు. మన వైపు ఇలాంటి ముచ్చట ఏమైనా ఉందా?

పరిశోధకురాలు: ఉందండీ, చాలామందికి తెలియదు. ఆకాశాన్ని గమనించే పలు దేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని, ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో అనుకున్నాయి. అందులో ఒక భాగం వాటికన్ తీసుకుంది. తర్వాత మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కూడా చేరింది. వాటికన్‌లో కొలతల పని నలుగురు సిస్టర్లు చేశారు. అప్పట్లో ఫొటోలు గాజు పలకల మీద తీసేవారు. పలక మీద ఉండేది నెగటివ్ కాబట్టి ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. పలక నిండా సన్నటి గళ్లు ఉంటాయి. ఏ గడిలో ఆ చుక్క ఎక్కడుందో ఒకరు మైక్రోస్కోప్‌లో చూసి చెబితే, ఇంకొకరు రిజిస్టర్‌లో ఎక్కించేవారు. అలా దాదాపు 4 లక్షల 80 వేల నక్షత్రాలు! ఓపిక లేకపోతే అయ్యే పని కాదు, భక్తి లేకపోతే అంత ఓపిక రాదని నాకనిపిస్తుంది.

మాస్టారు: ఆ చివరి మాట నేనొప్పుకోను. హైదరాబాద్‌లో కొలిచినవాళ్లలో ఎవరు ఏం నమ్మారో మనకెందుకు? అంకె ఎవరికైనా ఒకటే. ఆశ్చర్యమంటారా, నాకూ ఉంది. ఆండ్రోమెడా అనే పక్క గెలాక్సీ నుంచి ఇవాళ మనకు చేరే వెలుగు 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరింది. అప్పటికి మనలాంటి మనిషే లేడు. క్లాసులో ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దానికి సృష్టికర్త అక్కర్లేదు.

ఫాదర్: జలదరింపు రుజువని నేనూ అనను. విశ్వం ఎలా నడుస్తోందో చెప్పడానికి మీ లెక్కలు చాలు. అసలు ఇదంతా ఎందుకు ఉంది? ఏమీ లేకుండా ఉండొచ్చుగా? ఎక్కడో కూర్చుని కాగితం మీద వేసిన లెక్క, 1380 కోట్ల ఏళ్ల నాటి సంగతికి సరిపోవడమేంటి? ఈ క్రమం వెనక ఒక మనసు ఉందని నేను నమ్ముతాను. ఆ మనసు నన్ను ఎరుగునని కూడా నమ్ముతాను. ఈ రెండోది ఏ టెలిస్కోప్‌లోనూ కనబడదు. ప్రార్థనలో తెలిసింది.

మాస్టారు: ఎందుకు ఉందన్న ప్రశ్న నన్నూ వదల్లేదు. తెలియదని ఊరుకుంటాను, అంతే.

పరిశోధకురాలు: నేను పొద్దున దీపం పెట్టుకున్నాకే పనికి వెళ్తాను. డేటా ముందు కూర్చున్నాక మాత్రం, లెక్క తేలని చోట దేవుణ్ణి తెచ్చి ఇరికించను. అది ఆయనకి మర్యాద కాదు, సైన్స్‌కీ మంచిది కాదు. లెక్క తేలిన రోజున మాత్రం మనసులో దండం పెట్టుకుంటాను. తెలిసినకొద్దీ నాకు భక్తి పెరిగింది.

సమన్వయకర్త: ఒక తల్లి ఫోన్‌లో అడుగుతున్నారు. ‘దేవుణ్ణి ఎవరు చేశారు?’ అంటోందట వాళ్ల పాప.

ఫాదర్: కసరకండమ్మా. మొదలున్నదానికే చేసినవాళ్లు కావాలి, దేవుడికి మొదలు లేదని మా విశ్వాసం. పాపకి అది చాలకపోతే ఇంకా అడగనివ్వండి.

మాస్టారు: ఆ జవాబు నాకూ చాలదు ఫాదర్ గారూ. కసరొద్దన్నది మాత్రం నా మాట కూడా.