ఖాళీ బిందె పైకి తేలుతుంది

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో నీళ్ల సంపు కడగడం మనందరికీ తెలిసిన పనే. మోటారు పెట్టి నీళ్లు తోడేస్తాం. అడుగున మిగిలిన బురదనీళ్లు చెంబుతో బకెట్లోకి ఎత్తుతాం. గోడలు రుద్ది, మళ్లీ నింపుతాం. ఖాళీ చేయకుండా కడిగామంటే మన మనసొప్పదు. ఈరోజు నా మాటలన్నీ ఈ అలవాటు గురించే. ఎందుకంటే ఫైబర్‌గ్లాస్ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఈ అలవాటు కొంప ముంచుతుంది. ముంచడం కూడా కాదు, తేలుస్తుంది. ఎలాగో చెబుతాను.

మాకు పూల్ ఎక్కడిది బాబూ అని రేడియో కట్టేయకండి. మీ చుట్టాలకు ఉండొచ్చు, సెలవులకు మీరు అద్దెకు తీసుకునే ఫాంహౌస్‌లో ఉండొచ్చు. హైదరాబాద్ చుట్టూ శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు వెళ్తే గేటుకో పూల్ కనిపిస్తుంది. చాలాచోట్ల వాచ్‌మనే పూల్ మనిషి కూడా. నేను చేసేది ఈ పూల్స్ మెయింటెనెన్స్ పనే.

సిమెంటు పూల్‌ని ఉన్నచోటే కడతారు. ఫైబర్‌గ్లాస్ పూల్ అలా కాదు. ఫ్యాక్టరీలో ఒకే ముక్కగా అచ్చు పోసి, లారీ మీద తెచ్చి, క్రేన్‌తో గుంతలోకి దించుతారు. పెద్ద బాత్‌టబ్ అనుకోండి. ఈ తొట్టినే మేం షెల్ అంటాం. మందం చిటికెన వేలంత కూడా ఉండదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

కొన్నేళ్ల కిందట శంకర్‌పల్లి దాటాక ఒక డాక్టరుగారి ఫాంహౌస్. నల్లరేగడి నేల. శ్రావణమాసం, ముసురు పట్టింది. డాక్టరుగారు మూడు వారాలు రాలేదు. కరెంటు పోయి వచ్చి, ఫిల్టర్ మోటారు ఆగిపోయింది. ఇంకేముంది, పూల్ నీళ్లు గోంగూర పులుసు రంగుకొచ్చాయి. ఆదివారం సారు వస్తున్నారని ఫోన్ రాగానే వాచ్‌మన్‌కి టెన్షన్. మంచి పనిమంతుడు. ఎండాకాలంలో సంపు ఎలా కడిగాడో ఇదీ అలాగే కడుగుదామనుకుని, శుక్రవారం సాయంత్రం మోటారు పెట్టి పూల్ మొత్తం తోడేశాడు. రాత్రి మళ్లీ వాన.

శనివారం తెల్లవారుజామున నాకు ఫోన్. "సార్, పూల్ పైకొచ్చింది సార్" అన్నాడు. నేను సగం నిద్రలో ఉన్నాను. ఏ పూలు పూశాయో, నాకెందుకు చెబుతున్నాడో అర్థం కాలేదు. "ఏం పైకొచ్చిందయ్యా, నీళ్లా?" అంటే, "నీళ్లు కాదు సార్, పూలే పైకొచ్చింది" అన్నాడు.

వెళ్లి చూశాను. ఒక పక్క జానెడు లేచింది. చుట్టూ పరిచిన రాళ్లు పగిలి పక్కకు పడ్డాయి. పైపులు విరిగాయి. మెట్ల దగ్గర షెల్ మీద నా చెయ్యంత పొడుగున పగులు. లోపల రాత్రి కురిసిన వాననీళ్లు తప్ప ఏమీ లేవు, అద్దంలా కడిగి పెట్టాడు పాపం.

ఏం జరిగిందంటే, నూతిలో చేద వేసినప్పుడు చూడండి. ఖాళీ బిందె మునగదు, తేలుతుంది. నిండితేనే మునుగుతుంది. ఇదీ అంతే. పూల్ పెట్టడానికి తవ్విన గుంతలో, షెల్ చుట్టూ కంకరో ఇసుకో నింపుతారు. నల్లరేగడి నీళ్లను తొందరగా ఇంకనివ్వదు. వాననీళ్లు ఆ కంకరలోకి దిగి, షెల్ కింద నిలబడిపోతాయి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు ఉన్న పూల్‌లో సుమారు 22 వేల లీటర్లు పడతాయి. అంటే 22 టన్నుల బరువు. ఆ బరువే షెల్‌ని అణిచిపెట్టి ఉంచుతుంది. దాన్ని మనం తోడేస్తే మిగిలేది టన్ను కూడా లేని ఖాళీ బిందె.

కాబట్టి ఒక్కటే మాట. ఖాళీ చేయకండి. నీళ్లు పచ్చబడినా ఖాళీ చేయకండి. ఏదైనా పగులు అతికించడానికి తప్పనిసరిగా తీయాలంటే వానలు లేని రోజుల్లో, కింద నీళ్లు లేవని చూసుకుని, తెలిసినవాళ్లను దగ్గర పెట్టుకుని తీయండి. పాతనీళ్లు మార్చాలనిపిస్తే జానెడు తీసి జానెడు నింపండి.

మరి పచ్చనీళ్లు? ఆ నీళ్లతోనే బాగుచేయాలి. ముందు పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే అంకె, 7.2 నుంచి 7.6 మధ్యకు తేవాలి. గోడలు బ్రష్ కొట్టి నాచు కదపాలి. క్లోరిన్ పొద్దుగూకాక వేయాలి, పగలు వేస్తే ఎండకే సగం పోతుంది. పౌడరైతే బకెట్ నీళ్లలో కలిపి పోయండి. నేరుగా చల్లితే అడుగున పడ్డచోట రంగు వెలిసిపోతుంది. క్లోరిన్, యాసిడ్ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపకండి, వచ్చే గ్యాస్ ప్రాణం మీదికి తెస్తుంది. ఫిల్టర్ రాత్రింబగళ్లు తిరగనివ్వండి. రెండు మూడు రోజుల్లో అడుగు కనిపిస్తుంది.

బ్రష్ అంటే నైలాన్ బ్రష్. గిన్నెలు తోమే స్టీలు పీచు, గరుకు పౌడరు వద్దు. షెల్ మీద జెల్‌కోట్ అని నున్నటి పొర ఉంటుంది. దాని పుణ్యమా అని సిమెంటు పూల్ కంటే దీనికి నాచు తక్కువ పడుతుంది. గీతలు పడితే ఆ లాభం పోయినట్టే. బోరునీళ్ల తెల్లచార నీటి అంచున కడుతుంది కదా, మెత్తటి స్పాంజికి వెనిగర్ అద్ది రుద్దితే చాలావరకు పోతుంది. నాకు భలే ఇష్టమైన చిట్కా ఇంకొకటి ఉంది. గోధుమరంగు మరక కనిపిస్తే, రంగు కలపని విటమిన్ సి మాత్ర ఒకటి దాని మీద కాసేపు అదిమి పట్టుకోండి. ఆ చోటు తెల్లబడితే అది ఇనుము మరక. నమ్మనివాళ్లకు నేనే నీళ్లలో చెయ్యిపెట్టి చూపిస్తుంటాను.

డాక్టరుగారి పూల్‌ని మళ్లీ క్రేన్ పెట్టి ఎత్తి, అడుగు చదును చేసి, పగులు అతికించి దించారు. ఈసారి పక్కనే షెల్ అడుగుదాకా ఒక పైపు దింపి, పైన మూత పెట్టించాను. వాచ్‌మన్ ఒక తాడుకి బోల్టు కట్టుకున్నాడు. వాన వెలిస్తే చాలు, మూత తీసి తాడు వదులుతాడు. మొన్న కూడా ఫోన్ చేశాడు.

"సార్, తాడు రెండు జానలు తడిసింది. చిన్న మోటారు దించి పైపులోంచి తోడమంటారా?"

"తోడు. పూల్‌ మాత్రం ముట్టుకోకు."

"దాని జోలికి నేనెందుకు పోతా సార్" అని నవ్వాడు.