ఇంట్లో ప్రెషర్ వాషర్‌తో కారు కడుగుదాం, పెయింట్ పాడవకుండా

నమస్తే అండి. ముందు కారు చూడండి. నిన్న రాత్రి ఊరి నుంచి వచ్చాం. గుంటూరు దాటాక వాన, ఆ పైన డొంక రోడ్డు, మాదేమో నల్లరేగడి. కెమెరా కిందికి తెస్తాను... ఇదిగో, చక్రం పైన, మడ్‌గార్డ్ లోపల చూడండి. రేగడి ఒకసారి ఎండిందంటే గోరుతో గీకినా రాదు. దీని మీద తడిగుడ్డ పెట్టి తుడిచామనుకోండి, గరుకు కాగితంతో రుద్దినట్టే. అందుకే మిషన్. మన చేయి తగలకముందే మట్టి ఊడిపోవాలి. ఈ మిషన్ పని అంతవరకే. మెరుపు తర్వాత గుడ్డతో, చేత్తో వచ్చేదే.

కారు నీడలో ఉంది, టైము ఆరున్నర. బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ క్షణాల్లో ఎండి మరకలు కడుతుంది. అద్దాలన్నీ ఎక్కించారా, పెట్రోల్ మూత పడిందా చూసుకోండి. ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ మూత. సరే.

కరెంటు. నా మిషన్ 1500 వాట్లు. చిన్న ప్లగ్గుకి వద్దు, గీజరుకి వాడే 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు, వైరు వేడెక్కుతుంది. తప్పదంటే మందం వైరు, 2.5 ఎంఎం ది. ప్లగ్గు కలిసే చోటు నేల మీద పడేయకుండా ఇలా కుర్చీ మీద పెడుతున్నాను. మీటర్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి. తడి నేల మీద నిలబడి చేసే పని కదా, ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి. కాళ్లకు రబ్బరు చెప్పులు, పిల్లలు గేటు లోపల. గన్ ఎవరి వైపూ తిప్పకూడదు, ఆటకైనా సరే. ఈ ధార దగ్గర నుంచి తగిలితే చర్మం లోపలికి దిగుతుంది.

పైపు తగిలించాను, కుళాయి తిప్పాను. మోటార్ ఇంకా వేయలేదు. ముందు ట్రిగ్గర్ నొక్కి పట్టుకోండి. చూడండి, బుసబుసమని గాలి వస్తోంది... ఇప్పుడు ధార సాఫీగా వచ్చింది. ఇప్పుడే స్విచ్. గాలితో, నీళ్లు లేకుండా తిరిగితే పంపు పోతుంది. ఒక అంతస్తు ట్యాంకు నుంచి వచ్చే కుళాయికి జోరు చాలకపోతే, డ్రమ్ములోంచి నీళ్లు లాక్కునే మిషన్లు ఉన్నాయి, అది చూసి కొనుక్కోండి. నీళ్లు మిషన్‌లోకి వెళ్లే చోట ఈ చిన్న జాలీ ఉంది చూశారా, దీన్ని నెలకోసారి విప్పి కడుగుతాను. బోరు నీళ్లలో ఇసుక వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ ఆగుదాం. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

గన్‌కి ముందు ఉండే ఈ పొడవాటి గొట్టమే లాన్స్, దీని కొస చూడండి. ఇటు తిప్పితే నీళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. అటు తిప్పితే... సూదిలా. నేల మీద చూపిస్తాను. ఇదిగో, పాచి మీద గీత గీసినట్టు లేచిపోయింది. రంగురంగుల నాజిళ్లు వచ్చే మిషన్లలో ఎరుపు అంటే ఇదే, ధార విచ్చుకునే కోణం సున్నా డిగ్రీలు. కారుకి ఎరుపు వద్దు, పసుపూ వద్దు. తెలుపు, 40 డిగ్రీలది, అది వాడండి. గిర్రున తిరిగే టర్బో నాజిల్ గచ్చుకి, గోడకి మాత్రమే.

రెండేళ్ల కిందట నాకు ఇక్కడే దెబ్బ పడింది. ముందు బంపర్ గీసుకుపోతే ఒక షెడ్డులో పెయింట్ వేయించాను. దాని మీద రాయి తగిలి బియ్యపు గింజంత పెచ్చు లేచి ఉంది. పురుగులు ఎండి అతుక్కుంటే పోవట్లేదని దగ్గరికి వెళ్లాను, జానెడు దూరం. కొస కొంచెం సూది వైపు తిరిగి ఉంది, చూసుకోలేదు. ఆ పెచ్చు అంచులోంచి నీళ్లు కింద దూరి, పెయింట్ పొలుసులా లేచిపోయింది. అరచేయంత. మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది, చాలా బాధేసింది.

పెయింట్ బాగున్నచోట అంచు దొరకదు కాబట్టి నీళ్లు జారిపోతాయి. అంచు దొరికిన చోటే ప్రమాదం. అంటే రాయి తగిలిన చోట, తుప్పు పొంగిన చోట, మళ్లీ పెయింట్ వేసిన చోట, స్టిక్కర్ల చివర. కడిగేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి ఇవన్నీ చూసుకోండి. అక్కడ మిషన్ వద్దు, మగ్గుతో పోయండి.

దూరం ఎంత? పెయింట్ మీద అడుగున్నర నుంచి రెండడుగులు. నా లాన్స్ అడుగున్నర ఉంటుంది, అందుకే లాన్స్ పొడవంత ఖాళీ అని గుర్తు పెట్టుకున్నాను. ఇంకో అలవాటు: ట్రిగ్గర్ ఎప్పుడూ నేల వైపు నొక్కండి. ధార విచ్చుకుందా? విచ్చుకుంది. అప్పుడు కారు మీదికి తీసుకురండి. నేల, తర్వాత కారు. ప్రతిసారీ. ఎదురుగా కొట్టకుండా ఏటవాలుగా, ఒక్కచోట ఆపకుండా.

ఇక కడిగేద్దాం. చక్రాలు ముందు, వాటి మురికి శుభ్రమైన డోర్ల మీద పడకుండా. టైరుకి అడుగు కన్నా దగ్గరికి వెళ్లకండి, టైరు పక్క భాగం (సైడ్‌వాల్) దెబ్బతింటుంది, బయటికి కనపడదు కూడా. మడ్‌గార్డ్ లోపల... చూడండి, చూడండి, రేగడి ముద్దలు ముద్దలుగా! ఇది చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. టాపు, అద్దాలు, డోర్లు, పై నుంచి కిందికి. అద్దాల చుట్టూ రబ్బరు, వెనక కెమెరా, సెన్సర్లు, వీటి దగ్గర ఇంకాస్త వెనక్కి. ముందు గ్రిల్ లోపలికి కొట్టకండి, రేడియేటర్ రేకులు వంగిపోతాయి. బానెట్ ఎత్తి ఇంజన్ కడగమని చాలామంది అడుగుతున్నారు. నేను చేయను. అక్కడన్నీ వైర్ల జాయింట్లు, తడిగుడ్డ చాలు.

ఫోమ్ బాటిల్ తగిలించాను. కార్ షాంపూయే వాడండి. గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే మీరు పెట్టిన వ్యాక్స్ కూడా పోతుంది. మూడు నాలుగు నిమిషాలు, ఎండనివ్వకుండా. మళ్లీ నీళ్లు. తర్వాత గుడ్డతో రుద్దడానికి రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. అయిపోయింది.

నా మిషన్ నిమిషానికి ఆరు లీటర్లు తీసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కింది మొత్తం పది నిమిషాలు, అంటే అరవై లీటర్లు, మూడు బకెట్లు. మా వీధిలో ఎండాకాలం నీళ్లకి ఇబ్బంది, అందుకే లెక్క చూసుకుంటాను.

బోరు నీళ్లయితే వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. ఆరితే తెల్లటి చుక్కలు పడి వదలవు.

మిషన్ ఆపేది ఇలా. స్విచ్ ఆఫ్, కుళాయి బంద్, ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కండి... ఆ మిగిలిన ప్రెషర్ పోయింది. అప్పుడే పైపు విప్పాలి. గన్‌కి లాక్ వేసేయండి.

ఇంకొక్కటి. బ్రేకులు తడిసి ఉంటాయి. రోడ్డు ఎక్కేముందు వీధిలోనే మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేక్ నొక్కండి. నేనూ ఇప్పుడు అదే పని మీద వెళ్తున్నాను, కెమెరా ఇక్కడ ఆపుతున్నాను.