థీసిస్ పూర్తయ్యేలోగా బోర్డు మారిపోతే?

[తెరపై: బంజారాహిల్స్ రోడ్డు. మూలన 1999 అని పడుతుంది.]

వ్యాఖ్యాత: 1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ట్విన్స్ అనే కేంద్రం తెరిచారు. నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగకుండా బిల్లులన్నీ ఒకే కౌంటరులో కట్టేయవచ్చు. 2001లో అది ఈసేవ అయింది. 2011లో మీసేవ వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను ఏకంగా వాట్సాప్‌లోకి తెచ్చింది.

ఇప్పుడు ఈసేవ మీద పీహెచ్‌డీకి చేరిన విద్యార్థిని ఊహించుకోండి. సినాప్సిస్‌కు, అంటే పరిశోధన ప్రణాళికకు ఆమోదం, ఊళ్లు తిరగడం, గైడు దిద్దుబాట్లు. చివరి మౌఖిక పరీక్ష, వైవా నాటికి కౌంటరు మీద బోర్డే మారిపోయింది! డిజిటల్ పాలన మీద పరిశోధన చేసేవారందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. అందుకే థీసిస్ అంశం యాప్ పేరు కాకూడదు. యాప్ పోయినా మిగిలే ప్రశ్న కావాలి.

[తెరపై: వేలిముద్ర యంత్రం, బాగా దగ్గరగా.]

డబ్బు తీసుకోవడానికి వచ్చిన ఓ కూలీ. పలుగూ పారా పట్టిన చెయ్యి. వేలి గీతలు అరిగిపోయాయి. “వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమ్మా” అంటాడు ఆపరేటరు. ఆమె చీర కొంగుతో తుడుచుకుని నొక్కుతుంది. మూడోసారీ ఎర్ర లైటే. ఆమె పోగొట్టుకున్న పూట కూలి ఏ సర్వర్‌లోనూ నమోదు కాదు. రేపు వేలికి బదులు ముఖం చూస్తారు, ఎల్లుండి కృత్రిమ మేధ వస్తుంది. యంత్రం గుర్తుపట్టని మనిషి ఎవరితో మొరపెట్టుకోవాలి? ఇది పదేళ్లయినా పాతబడని ప్రశ్న.

ఇక రెండో సంగతి. మన థీసిస్‌లు చాలావరకు ప్రారంభోత్సవం టెంట్లు విప్పాక మొదలవుతాయి. అప్పుడు “మీకు సంతృప్తిగా ఉందా?” అని ప్రశ్నావళి పంచడం తప్ప చేయగలిగేది తక్కువ. పాత పద్ధతిలో ఎంతసేపు పట్టేదో ఎవరూ రాసిపెట్టుకోలేదుగా!

[తెరపై: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పటం. ఎనిమిది జిల్లాలు వెలుగుతాయి.]

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు ఇవ్వడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో ముందే మాట్లాడుకున్నారు. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీతో తేల్చారు. 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. కార్డు వచ్చిన మండలాలను, రాని మండలాలను పక్కపక్కన పెట్టి చూశారు. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది. కూలి తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. తమాషా ఏమిటంటే, రెండేళ్లయినా చెల్లింపుల్లో దాదాపు సగమే కార్డులకు మారాయి. అయినా పాతదే నయమన్న లబ్ధిదారులు పదిమందిలో ఒక్కరికి మించలేదు.

ఇంత పెద్ద లాటరీ ఒంటరి విద్యార్థికి సాధ్యం కాదు, నిజమే. ముందుగా వెళ్లడం మాత్రం సాధ్యమే. ఏదైనా ధ్రువపత్రం ఫోనులోకి మారబోతోందని తెలిసిందా? ఈ వారమే తహశీల్దారు కార్యాలయం వరండాలో కూర్చోండి.

[తెరపై: గీతల నోటుబుక్కు. పెన్ను రాస్తుంటుంది.]

ఎవరు వచ్చారు, ఎన్నోసారి, బస్సు ఛార్జీ ఎంత, అర్జీ ఎవరితో రాయించారు, రాసినందుకు ఎంత తీసుకున్నారు.