పది అడుగుల రింగు కింద పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

బాస్కెట్‌బాల్ రింగు నేల నుంచి సరిగ్గా పది అడుగుల ఎత్తులో ఉంటుంది. "పదే ఎందుకు టీచర్?" అని మా ఏడో తరగతి పిల్లాడొకడు అడిగాడు. ఆ జవాబుతోనే నా మాటలు మొదలుపెడతాను.

1891 డిసెంబరు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. బయట ఆడటానికి వీల్లేని చలి. అక్కడి వైఎంసీఏ శిక్షణ కళాశాలలో పనిచేసే జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట ఒకటి తయారుచేసి, పెట్టెలు రెండు కావాలని అక్కడి పనివాణ్ని అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ల బుట్టలున్నాయి, తెమ్మంటారా అన్నాడతను. ఆ బుట్టల్ని వ్యాయామశాల బాల్కనీ అంచుకి మేకులు కొట్టి బిగించారు. ఆ బాల్కనీ పది అడుగుల ఎత్తులో ఉంది. అంతే! ఎవరూ లెక్క కట్టి పెట్టిన ఎత్తు కాదది. పైగా ఆ రోజు ఆడిన 18 మందీ ఎదిగిన మగవాళ్లు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయురాలిని. ఆ బాల్కనీ ఎత్తు కింద నాలుగున్నర అడుగుల ఆరో తరగతి పిల్లని నిలబెట్టి, బంతి వేయలేకపోతోందని చాలాకాలం నేనూ కోప్పడ్డాను. చిన్న పిల్లల జట్టుని తయారుచేయడంలో మనకొచ్చే ఇబ్బందుల్లో సగానికి సగం ఇలాంటివే. పెద్దవాళ్ల కొలతలతో పుట్టిన ఆటని పిల్లల భుజాల మీద పెట్టేసి, మోయలేకపోతే వాళ్లని అంటాం.

బలం చాలనప్పుడు పిల్లలేం చేస్తారో ఒక్కసారి దగ్గరగా చూడండి. బంతిని రెండు చేతులతో తుంటి పక్కకి తెచ్చుకుంటారు. నడుము వంచి, బిందెతో నీళ్లు కుమ్మరించినట్టు పైకి విసురుతారు. బంతి ఎలాగోలా రింగు దాకా వెళ్తుంది. అప్పుడప్పుడూ పడుతుంది కూడా. మనం చప్పట్లు కొడతాం. అక్కడే వస్తుంది చిక్కు. ఆ విసురు చేతికి అలవాటైపోతుంది. పదో తరగతికొచ్చి బలం వచ్చాక కూడా చెయ్యి తుంటి దగ్గరికే పోతుంది. దాన్ని మాన్పించడం, కొత్తగా నేర్పించడం కన్నా పదింతల కష్టం.

పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం మినీ బాస్కెట్‌బాల్ అని ఉంది. అందులో రింగు 2.60 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. బంతి 5వ నంబరుది, 500 గ్రాముల లోపే ఉంటుంది. మగవాళ్లు ఆడే 7వ నంబరు బంతి దాదాపు 600 గ్రాములు. ఈ సంగతి నాకు తెలిసినా ఏం లాభం? మా బడి రింగు స్తంభం కాంక్రీటులో పాతిపెట్టి ఉంది. అంగుళం కిందికి రాదు.

చివరికి దారి చూపించింది ఊళ్లో వెల్డింగ్ షాపు. పిల్లల సైకిల్ పాత చక్రం ఒకటి తీసుకెళ్లి చువ్వలు పీకించి, దాన్ని ఇనుప యాంగిల్‌కి వెల్డింగ్ చేయించాను. ఆ యాంగిల్‌ని వంటషెడ్డు పక్క గోడకి బోల్టులతో బిగించాం. ఎనిమిది అడుగుల దగ్గర ఒక జత, ఎనిమిదిన్నర దగ్గర ఒకటి, తొమ్మిది దగ్గర ఒకటి, మూడు జతల రంధ్రాలు. బోల్టు విప్పి పైకీ కిందికీ మార్చుకోవచ్చు. అసలు రింగు కన్నా ఇది కాస్త వెడల్పు, అదీ మంచిదే అయింది.

మొదటిరోజు ఆ గోడ దగ్గర నిలబడ్డ పిల్ల ఒకతి ఉంది. అప్పటిదాకా కోర్టులో బంతి చేతికొస్తే చాలు, వేడి గిన్నె పట్టుకున్నట్టు వెంటనే పక్కవాళ్లకిచ్చేసేది. ఆ రోజు మోచెయ్యి రింగు వైపు పెట్టి, వేళ్ల మీద బంతి నిలబెట్టి, మణికట్టు వంచి వదలమన్నాను. మూడోసారికి పడింది. బంతి తెచ్చుకోవడానికి వెళ్లలేదు, చెయ్యి అలాగే గాల్లో ఉంచుకుని నా వైపు తిరిగింది. చెయ్యి అలా నిలిచి ఉండటమే సరైన పద్ధతి! నెల రోజులు అరిచి చెప్పినా రాని ముక్క అది.

రెండో ఇబ్బంది లెక్కలో తెలుస్తుంది. 24 మంది పిల్లల్ని వరసలో నిలబెట్టి లేఅప్, అంటే పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేయడం, నేర్పిస్తున్నామనుకోండి. ఒక్కొక్కరికి 5 సెకన్లు. మళ్లీ తన వంతు వచ్చేసరికి 2 నిమిషాలు. 20 నిమిషాలు అలా చేయిస్తే ఒక్కో పిల్లకి పది అవకాశాలొస్తాయి, అంటే బంతి చేతిలో ఉన్నది 50 సెకన్లు. మిగతా పంతొమ్మిది నిమిషాల చిల్లర వరసలో నిలబడటమే. వెనకవాళ్లు తోసుకుంటున్నారనీ, గిల్లుకుంటున్నారనీ మనం విజిల్ ఊదుతాం. నిలబెట్టింది మనమే కదా!

మా దగ్గర బంతులు మూడే ఉండేవి. అందుకని బంతితో పనిలేని విద్యలు విడగొట్టాను. పరిగెత్తుకొచ్చి రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగడం, ఒక కాలు నేలకి ఆనించి పివట్ తిరగడం, మోకాళ్లు వంచి పక్కకి జరుగుతూ డిఫెన్స్ చేయడం, వీటికి బంతి అక్కర్లేదు. ఆరుగురు గోడ దగ్గర, ఆరుగురు పెద్ద రింగు దగ్గర, ఆరుగురు పాసింగ్‌లో, ఆరుగురు కాళ్ల పనిలో. 6 నిమిషాలకోసారి మార్పు. అప్పటి నుంచి గిల్లుకోవడం గురించి నేను పెద్దగా మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఇక మ్యాచ్ ఆడిస్తే కనిపించేది, బంతి ఎక్కడుంటే పదిమందీ అక్కడే, బెల్లం చుట్టూ చీమల్లా. "విడిపోండర్రా, దూరం జరగండి" అని బయట నుంచి ఎంత అరిచినా ఉపయోగం ఉండదు. బంతి మీద ఆశ ఉన్న పిల్లకి దూరంగా నిలబడితే బంతి వస్తుందన్న నమ్మకం లేదు మరి. ఆ నమ్మకం పుట్టాలంటే డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకి కొడుతూ ముందుకెళ్లడం, తీసేయాలి. నైస్మిత్ మొదట రాసిన 13 నియమాల్లో డ్రిబ్లింగే లేదు. బంతి పట్టుకున్నవాడు పట్టుకున్న చోటి నుంచే విసరాలి. నేను వారానికి రెండు రోజులు అలాగే ఆడిస్తాను. నలుగురు ఇటు, నలుగురు అటు. బంతి కింద పడకుండా పది పాస్‌లు ఇస్తే ఒక పాయింటు, రింగుతో సంబంధం లేదు. కోర్టుని ముగ్గుపిండితో నాలుగు గడులుగా గీసి, ఒక జట్టువాళ్లు ఇద్దరు ఒకే గడిలో ఉండకూడదని షరతు పెడతాను. వారం తిరిగేసరికి ఖాళీ చోటు చూసుకుని పరిగెత్తడం మొదలవుతుంది.

మూడేసి మంది ఆడే 3×3 ఆటనీ వదులుకోకండి. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది పతకాలున్న ఆట. ఒకే రింగు చాలు. ఆరుగురిలో దాక్కోవడానికి ఎవరికీ చోటుండదు.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జట్టులో ఒక కుర్రాడుండేవాడు. అందరికన్నా జానెడు పొడుగు, కాళ్లలో స్ప్రింగులున్నట్టు ఎగిరేవాడు. "బంతి వాడికివ్వండి" అన్నదొక్కటే మా వ్యూహం. మండల స్థాయిలో గెలిచాం. డివిజన్ స్థాయిలో ఎదుటి జట్టు కోచ్ ఇద్దరు పిల్లల్ని వాడి మీద పెట్టాడు. వాడికి చిరాకు పుట్టింది. మూడో క్వార్టర్ సగంలోనే ఐదో ఫౌల్, బయటికి. తర్వాత కోర్టులో ఉన్న ఐదుగురూ బంతి చేతికి రాగానే బెంచీ మీద కూర్చున్న వాడి వైపే చూడటం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. ఓడిపోయినందుకు వాళ్లేడవలేదు, వాడొక్కడే ఏడ్చాడు. అంత బరువు ఆ పిల్లాడి మీద పెట్టింది నేను. మర్నాటి నుంచి ప్రాక్టీసులో, బంతి కనీసం ముగ్గురి చేతులు మారాకే రింగుకి వేయాలని నియమం పెట్టాను. మ్యాచ్ మొదటి సగంలో బెంచీ మీద ఉన్న ప్రతి పిల్లా దిగి తీరాలని ఇంకోటి. దీనివల్ల రెండు మూడు మ్యాచ్‌లు ఓడిపోయాం, నిజమే. హెడ్మాస్టారు అడిగితే అదే చెప్పాను.

ఎత్తు మాటొచ్చింది కాబట్టి, "మావాడు పొట్టి కదండీ, వాడికి బాస్కెట్‌బాలెందుకు" అనే తల్లిదండ్రులకి నేను మగ్సీ బోగ్స్ గురించి చెప్తాను. ఐదడుగుల మూడంగుళాల మనిషి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు.

తల్లిదండ్రులతో వచ్చే ఇబ్బంది చాలావరకు చెప్పకపోవడం వల్ల వస్తుంది. జూలైలో ఒకసారి అందరినీ పిలుస్తాను. ప్రాక్టీసు పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, ఆరూ ముప్పావుకి పిల్ల ఇంట్లో ఉంటుంది, ట్యూషన్‌కి అడ్డు రాదు, పోటీలకి బయటి ఊరెళ్తే వెంట ఎవరొస్తారు, రాత్రి ఎన్నింటికి దింపుతాం, అన్నీ కాగితం మీద రాసిస్తాను. పదో తరగతి పిల్లల్ని పూర్తిగా మానిపించేస్తామంటే, వారానికి రెండు రోజులైనా పంపించమని బతిమాలతాను. చాలామంది ఒప్పుకుంటారు.

ఆడపిల్లల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. ఎనిమిదో తరగతి రాగానే ఒక్కొక్కరే తగ్గిపోతారు. నిక్కరు వేసుకోవాలేమోనన్న భయం, ఎండకి నల్లబడతారన్న మాట, నెలసరి రోజుల్లో ఎవరికి చెప్పాలో తెలియకపోవడం, గ్రౌండ్ దగ్గర మరుగుదొడ్డి లేకపోవడం. ట్రాక్‌ప్యాంటుతో ఆడొచ్చమ్మా అని ఒక్క మాట ముందే చెప్తే ఇద్దరు ముగ్గురు మానేయకుండా ఉండిపోతారు. స్కార్ఫ్ కట్టుకునే పిల్ల ఒకతి తనని ఆడనివ్వరేమో అనుకుని రావడం మానేసింది. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో కూడా 2017 నుంచి తలకి కట్టుకుని ఆడేందుకు అనుమతి ఉందని వాళ్లింటికి వెళ్లి చెప్పాను. వాళ్ల నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాతి సోమవారం ఆయనే బండి మీద దింపి వెళ్లారు.

సిమెంటు కోర్టు గురించి కొత్తగా చేరే పీఈటీలకి ఒక మాట. వేసవి శిబిరంలో పొద్దున ఏడున్నర దాటాక ఆడించకండి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు వంగి, చప్పుడు లేకుండా దిగాలి. రోజూ ఐదు నిమిషాలు చప్పుడు చేయని గెంతులే గెంతిస్తాను. చీలమండ బెణికితే ఆ రోజుకి ఆట ఆపేయండి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, లాగడం, నలపడం వద్దు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఒక్కసారిగా పొడుగెదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంటారు. అది సాకు కాదు. గెంతులు తగ్గించి, డాక్టరుకి చూపించండి.

అన్నిటికన్నా నాకు ఆలస్యంగా అర్థమైంది, నా నోరు. మ్యాచ్ జరుగుతుంటే "పాస్! షూట్! వెనక్కి!" అని నేను అరుస్తుంటే, బంతి పట్టుకున్న పిల్ల ఆటని వదిలి నా మొహం చూసేది. ఆ అరక్షణంలో బంతి పోయేది. ఇప్పుడు మ్యాచ్‌కి ముందు ఒక్క మాటే చెప్తాను, "ఈ రోజు రీబౌండ్ తప్ప ఇంకేం వద్దు" అని, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతిని అందుకోవడమే పని. ఆ తర్వాత విజిల్ పళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటాను. చాలా కష్టంగా ఉంటుంది.

వంటషెడ్డు గోడ మీది సైకిల్ చక్రాన్ని ఏటా సంక్రాంతి సెలవుల తర్వాత ఒక మెట్టు పైకి జరుపుతాం. పిల్లలే నిచ్చెన పట్టుకుంటారు, ఇంకా పైకి పెట్టమని గొడవ చేస్తారు. పోయినేడు తొమ్మిది అడుగుల దాకా వెళ్లింది. మొన్న జూన్‌లో బళ్లు తెరిచారు, కొత్తగా ఆరో తరగతి వచ్చింది. బోల్టులు తుప్పు పట్టి రాకపోతే కాస్త కిరసనాయిలు పోసి విప్పి, మళ్లీ ఎనిమిది అడుగులకి దించాం.

సెలవు, నమస్కారం.