కుర్చీకి గడువు

సభకు నమస్కారం.

ఒంగోలు నుంచి కొందరు, నెల్లూరు నుంచి కొందరు వచ్చారు. కావలిలో సభ పెట్టడం వల్ల ప్రయాణపు బాధ ఇద్దరికీ ఇంచుమించు సమానంగా పంచినట్టయింది. అందుకే రెండు జిల్లాల మనుషులనూ తలచుకుంటూ మాట్లాడతాను. పదవిలో కూర్చున్నవాళ్లకు ఇన్నాళ్లే అని గడువు పెట్టాలా అన్నదే విషయం.

వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారు 1946 ఏప్రిల్ చివర మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఏడాది తిరగకముందే సొంత కాంగ్రెస్ వాళ్లే దించేశారు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి నవంబరులో మద్యనిషేధం గొడవ మీద శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. రెండు పదవులూ కలిపితే రెండేళ్ల పైచిలుకు. అంతటి మనిషికి, జిల్లాకే పేరైన మనిషికి, దక్కిన కాలం అంతే. ఆయన కుర్చీకి గడువు పెట్టాలని ఎవరికైనా తోస్తుందా? ఆ గడువు సభలోనే ఉంది. తలలు లెక్కపెడితే ఏ రోజైనా తీరిపోతుంది.

అమెరికాలో ఆ వీలు లేదు. నాలుగేళ్లకు ఎన్నికైన అధ్యక్షుణ్ణి అవిశ్వాస తీర్మానంతో దించలేరు. అభిశంసన ఉంది కదా అంటారు. ఇంతవరకు ఒక్క అధ్యక్షుణ్ణి కూడా సెనేట్ దోషిగా తేల్చి ఇంటికి పంపలేదు. కాబట్టి మధ్యలో దించలేని మనిషికి చివర్లోనైనా గోడ కట్టాలి. వాషింగ్టన్ రెండు పర్యాయాలు చేసి 1797లో తప్పుకున్నారు. అది చట్టం కాదు, మర్యాద. దాదాపు నూట నలభై ఏళ్లు ఆ మర్యాదే నడిచింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1940లో మూడోసారి, 1944లో నాలుగోసారి గెలిచి, 1945 ఏప్రిల్‌లో పదవిలోనే కన్నుమూశారు. 1951లో ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదంటూ రాజ్యాంగానికి ఇరవై రెండో సవరణ అమల్లోకి వచ్చింది. మర్యాద చెల్లనప్పుడే చట్టం అవసరం పడింది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ మెక్సికోది. పోర్ఫిరియో దియాస్ అనే సైనికాధికారి 1876లో తిరుగుబాటు చేసి అధికారం పట్టాడు. ఆయన నినాదమేమిటో తెలుసా? ‘మళ్లీ ఎన్నిక వద్దు’. ఒక పర్యాయం పూర్తిచేసి, తన స్నేహితుణ్ణి నాలుగేళ్లు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత 1884లో తిరిగి వచ్చినవాడు 1911 దాకా లేవలేదు. 1910లో ఆయన మీద లేచిన తిరుగుబాటుదారులు ఎత్తుకున్న నినాదం కూడా అదే! విప్లవం గెలిచింది, మళ్లీ ఎన్నిక వద్దన్న నిబంధనతో కొత్త రాజ్యాంగం వచ్చింది. పది పన్నెండేళ్లకే ఒబ్రెగాన్ అనే మాజీ అధ్యక్షుడి కోసం ఆ నిబంధనను సడలించారు. ఆయన 1928లో రెండోసారి గెలిచి, ప్రమాణ స్వీకారానికి ముందే తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆ తర్వాత మెక్సికో అధ్యక్షుడికి ఒకే పర్యాయం, ఆరేళ్లు. ఆ నిబంధన నిలిచింది. అయితే 2000 వరకు ఆరేళ్లకొక మనిషి మారాడే గాని పార్టీ మారలేదు. గడువు మనిషిని పంపించింది, పార్టీని మాత్రం ఏమీ చేయలేకపోయింది.

రష్యా సంగతి మనకు చెప్పకుండానే అర్థమవుతుంది. మన ఊళ్లలో సర్పంచిని ఇప్పటికీ ప్రెసిడెంటు అనే పిలుస్తారు. సీటు మహిళలకు రిజర్వు అయితే ఆవిడ సంతకం చేస్తుంది, భర్త పంచాయతీ నడుపుతాడు. వరుసగా రెండు పర్యాయాలే అన్న హద్దు అడ్డొచ్చి 2008లో పుతిన్ ప్రధాని కుర్చీలోకి జరిగి, మెద్వెదేవ్‌ను అధ్యక్షుడిగా నిలబెట్టింది ఈ పద్ధతిలోనే. 2012లో తిరిగి వచ్చారు. 2020లో రాజ్యాంగం సవరించి, పాత పర్యాయాలు లెక్కలోకి రావన్నారు. చైనా ఇంత శ్రమ కూడా పడలేదు. 1982 నాటి రెండు పర్యాయాల నిబంధనను 2018 మార్చిలో ఎత్తేసింది. అనుకూలం 2958, వ్యతిరేకం 2. ఆ ఇద్దరూ ఎవరో చూడాలని నాకు ఎంతో ఆశ.

ఇక మన సంగతి. ప్రధానికి, ముఖ్యమంత్రికి గడువు లేదు. జ్యోతి బసు ఇరవై మూడేళ్లు, నవీన్ పట్నాయక్ ఇరవై నాలుగేళ్లు పాలించారు. జర్మనీలో మెర్కెల్ పదహారేళ్లు ఉన్నారు. దించే శక్తి సభకు ఉన్నంత కాలం గడువు అక్కర్లేదన్నది పార్లమెంటరీ పద్ధతి నమ్మకం. నేనూ అదే నమ్మేవాణ్ణి. తరగతిలో పాతికేళ్లు అదే చెప్పాను.

ఇప్పుడు సందేహం కలుగుతోంది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఇలా ఓటెయ్యాలని పార్టీ ఆదేశం, అంటే విప్, జారీ అయ్యాక సొంత ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తిన సభ్యుడికి సీటు పోయే ప్రమాదం ఉంది. గోడదూకుళ్లు ఆపడానికి తెచ్చిన చట్టమే, కాదనను. కానీ పంతులు గారిని దించిన ఆ తలల లెక్క ఈనాడు దాదాపు ముందే రాసిపెట్టి ఉంటుంది. అంటే సభ చేతిలోని తాడు పార్టీ అధ్యక్షుడి చేతికి వెళ్లింది. ఆ చట్టం రాకముందే ఈ ధోరణి కనిపించింది: 1978 నుంచి 1983 వరకు మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు వచ్చారు. వాళ్లను మార్చింది హైదరాబాదు సభ కాదు, ఢిల్లీలోని పార్టీ పెద్దలు.

అందుకే నేను గడువు పెట్టమనేది ముఖ్యమంత్రికి కాదు, పార్టీ అధ్యక్షుడికి. ఇది వింతేమీ కాదు. సీపీఎం 2012లో తన కార్యదర్శులకు మూడు పర్యాయాల హద్దు పెట్టుకుంది. ఆ పార్టీ తొలి ప్రధాన కార్యదర్శి, మన అలగానిపాడు సుందరయ్య గారు, ఏ హద్దూ లేని రోజుల్లోనే పార్టీతో విభేదించి ఎమర్జెన్సీ కాలంలో రాజీనామా చేశారు. మరోవైపు మన రాష్ట్రంలోనే ఒక పార్టీ తన నాయకుణ్ణి జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుందన్న వార్తల మీద 2022లో ఎన్నికల సంఘం అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని చెప్పాల్సి వచ్చింది.

అధ్యక్షుడు దిగి కొడుకును కూర్చోబెడితే ఏం చేస్తారని ముందు వరుసలో ఒక పెద్దాయన టీ విరామంలోనే అడిగారు. దియాస్‌కు స్నేహితుడు, పుతిన్‌కు మెద్వెదేవ్, మన పంచాయతీకి ప్రెసిడెంటు గారి భర్త. దీనికి నా దగ్గర చట్టం లేదండీ. ఆయన దగ్గర ఏమైనా ఉందేమో, మైకు అటు ఇవ్వండి.